కళ్లెదుటే ఉన్నా కంప్యూటరుకు కనిపించదు

*రోజువారీ డిజిటల్ పనుల్లో విద్యార్థులను, అధ్యాపకులను, ఆఫీసు సిబ్బందిని తికమకపెట్టే చిక్కులు చాలావాటికి మూలం ఒక్కటే. ఖరగ్‌పూర్ అన్న ఊరి పేరునే విప్పి చూస్తే అది తెలిసిపోతుంది.*

ఖరగ్‌పూర్‌లోని ఏదో తెలుగు సంఘం వార్షికోత్సవానికి వేసిన వంద పేజీల సావనీర్ పీడీఎఫ్ మీ ఫోన్‌కు వచ్చిందనుకోండి. ఊరి ప్రస్తావన ఎక్కడెక్కడ ఉందో చూద్దామని వెతికే పెట్టెలో ఊరి పేరు కొట్టారు. 'ఫలితాలు లేవు' అంది ఫోను. తీరా పేజీ తిప్పితే మొదటి వాక్యంలోనే ఆ పేరు పెద్ద అక్షరాల్లో కనిపిస్తోంది. 'తెలుగు కదా, కంప్యూటర్లో సరిగ్గా పనిచేయదులే' అనుకుని, వంద పేజీలూ చేత్తో తిప్పడం మొదలుపెడతారు చాలామంది. ఆ అనుకున్న వాళ్లలో పీహెచ్‌డీ చేసినవాళ్లూ ఉంటారు.

నిజానికి ఫోను అబద్ధం చెప్పలేదు. దాని దగ్గరున్న సమాచారంలో ఆ పేరు లేదు. మీకు కనిపిస్తున్నది వేరు, దాని దగ్గర ఉన్నది వేరు. ఈ తేడా ఎలా వస్తుందో తెలిస్తే ఒక్క సావనీర్ సంగతే కాదు, గ్రంథాలయంలో పుస్తకం దొరక్కపోవడం, మార్కుల షీటులో పేరు కలవకపోవడం, ఈమెయిల్ లింకు నొక్కి డబ్బు పోగొట్టుకోవడం వంటివన్నీ ఒకే తాటి మీదికి వస్తాయి.

రైలు వెంట వచ్చిన తెలుగు

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. ఖరగ్‌పూర్‌లో జంక్షనూ, పెద్ద వర్క్‌షాపూ వెలిశాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి పని వెతుక్కుంటూ వెళ్లిన కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. 1927 నాటి ఖరగ్‌పూర్ రైల్వే సమ్మెలో కార్మికుల పక్షాన నిలిచిన నాయకుల్లో, తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఒకరు. ఆ తరం మనవలు, మునిమనవలు ఇవాళ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో బెంగాలీయో హిందీయో ఇంగ్లీషో చదువుతుంటారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. అందులో ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల సుదీర్ఘ కోరిక ఉంది.

అదే ఊళ్లో, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో దేశంలోని మొదటి ఐఐటీ మొదలైంది. భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని నడుపుతున్నదీ ఆ సంస్థే. కేంద్ర విద్యాశాఖ తరఫున అది తయారుచేసిన ఈ గ్రంథాలయాన్ని 2018 జూన్ 19న జాతికి అంకితం చేశారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. పాఠ్యపుస్తకాలు, సిద్ధాంత గ్రంథాలు, వీడియో పాఠాలు, పాత పుస్తకాలు అన్నీ ఒకే వెతుకు పెట్టెలో దొరకాలన్నది దాని సంకల్పం.

అంటే చెవులతో తెలుగు నేర్చుకున్న జనమూ, దేశంలోనే పెద్ద డిజిటల్ కేటలాగుల్లో ఒకటీ ఒకే ఊళ్లో ఉన్నాయి. ఆ రెంటినీ కలపాల్సింది ఒక చిన్న వెతుకు పెట్టె. ఆ పెట్టెలో కొట్టే అక్షరం యంత్రానికి ఎలా చేరుతుందన్న దగ్గరే మన కథ మొదలవుతుంది.

యంత్రం దగ్గర ఉన్నవి అంకెలే

స్టేషన్ బోర్డు మీద ఖరగ్‌పూర్ పేరు బెంగాలీలో ఒకలా, హిందీలో ఒకలా, ఇంగ్లీషులో ఇంకోలా కనిపిస్తుంది. రంగు మారొచ్చు, అక్షరాల సైజు మారొచ్చు. టికెట్ కంప్యూటరుకు మాత్రం వీటితో పనిలేదు. దానికి తెలిసింది కేజీపీ అన్న సంకేతం ఒక్కటే. సంకేతం సరిగ్గా ఉంటే బోర్డు మీద రంగు వెలిసిపోయినా టికెట్టు వస్తుంది. సంకేతంలో ఒక్క అక్షరం తప్పితే బోర్డు ఎంత అందంగా ఉన్నా ఇంకో ఊరికి టికెట్టు వస్తుంది.

అక్షరాల విషయమూ అంతే. తెర మీద కనిపించే 'ఖ' ఒక ఆకారం, యంత్రం దాచుకునేది దానికి కేటాయించిన అంకె. ఏ అక్షరానికి ఏ అంకె అన్నది ఎవరికి వాళ్లు నిర్ణయించుకుంటే గందరగోళమే కాబట్టి, ప్రపంచ భాషలన్నింటికీ కలిపి ఒకే పట్టిక వేశారు. దాని పేరు యూనికోడ్. 1991లో వచ్చిన తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. 3072 నుంచి 3199 దాకా ఉన్న 128 గళ్లు మనవి. 'క' 3093, 'ఖ' 3094, 'గ' 3095. ఈ అంకె తీసుకుని ఏ ఆకారం గీయాలో చెప్పేది ఫాంటు. ఫాంటు మారిస్తే గీత మారుతుంది, అంకె మారదు.

128 గళ్లలో తెలుగు మొత్తం ఎలా ఇమిడిందని సందేహం రావచ్చు. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు అన్నీ లెక్కేస్తే ఆకారాలు వేలల్లో తేలతాయి. యూనికోడ్ ఆకారాలను లెక్కపెట్టదు. హల్లుకో అంకె, గుణింతపు గుర్తుకో అంకె, పొల్లుకో అంకె ఇచ్చి ఊరుకుంటుంది. 'పూ' అంటే 'ప' పక్కన 'ూ'. 'క్క' అంటే 'క' పక్కన పొల్లు, దాని పక్కన మళ్లీ 'క'. వాటిని కలిపి ఒక ముద్దగా గీసే పని ఫాంటుదీ, దాన్ని నడిపే సాఫ్ట్‌వేరుదీ. విండోస్ ఎక్స్‌పీతో 2001లో వచ్చిన గౌతమి ఫాంటు చాలామంది కంప్యూటర్లలో ఈ పని చేసిన తొలి తెలుగు ఫాంటు.

> పేరును విప్పి చూస్తే
>
> ఖరగ్‌పూర్ — కంటికి ఐదు ముక్కలు: ఖ, ర, గ్, పూ, ర్.
>
> యంత్రానికి తొమ్మిది అంకెలు:
>
> ఖ – 3094
> ర – 3120
> గ – 3095
> పొల్లు ( ్ ) – 3149
> కనిపించని విడదీత గుర్తు – 8204
> ప – 3114
> పొడుగు కొమ్ము ( ూ ) – 3138
> ర – 3120
> పొల్లు ( ్ ) – 3149
>
> ఇంటర్నెట్‌లో ఇవాళ ఎక్కువగా వాడే పద్ధతిలో ఒక్కో తెలుగు అంకె దాచడానికి మూడు బైట్లు పడతాయి. అంటే ఈ ఊరి పేరు 27 బైట్లు. ఎస్సెమ్మెస్‌లోనూ ఈ తేడా తెలుస్తుంది. ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడితే, తెలుగులో సాధారణంగా 70 అంకెలకే నిండిపోతుంది.

కంటికి కనబడని అయిదో అంకె

ఆ జాబితాలో అయిదో అంకెను చూశారుగా. 8204కు ఆకారం లేదు. అది చేసే పని 'ఈ రెంటినీ కలిపి గీయొద్దు' అని ఫాంటుకు చెప్పడమే. అది లేకపోతే 'గ' పక్కన పొల్లు, ఆ పక్కన 'ప' రాగానే ఫాంటు తనకు తెలిసిన పని తాను చేస్తుంది: 'గ' కింద 'ప' ఒత్తు పెట్టి ఖరగ్పూర్ అని గీస్తుంది. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్, విశాఖపట్నం‌ స్టీల్‌ప్లాంట్ వంటి మాటలన్నింటిలో ఈ గుర్తు దాక్కుని ఉంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే పెడతాయి, కొన్నింటిలో మనమే నొక్కాలి.

చిక్కు ఇక్కడే వస్తుంది. కొందరు ఈ గుర్తు తెలియక మధ్యలో స్పేసు కొడతారు. 'ఖరగ్ పూర్' అని కంటికి దాదాపు అలాగే కనిపిస్తుంది, యంత్రం లెక్కలో రెండు మాటలయ్యాయి. ఇంకొందరి కీబోర్డు మాట చివర కూడా ఒక విడదీత గుర్తు చేర్చేస్తుంది. అప్పుడు తొమ్మిది కాస్తా పది అవుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూసినా తేడా తెలియదు. పెద్ద సెర్చ్ ఇంజన్లు ఇలాంటివి సర్దుకుపోతాయి. మీ విభాగం వెబ్‌సైట్లో ఎవరో రాసిన చిన్న సెర్చ్ పెట్టె సర్దుకుంటుందన్న హామీ లేదు.

సున్నతో వచ్చే తంటా ఇంకా విచిత్రం. 'తెలంగాణ'లో ఉండాల్సిన సున్న అంకె 3074. తెలుగు అంకెల్లోని సున్న 3174. రెండూ గుండ్రమే. తొందరలో ఒకదాని బదులు ఇంకొకటి పడితే చదివేవాళ్లకు ఏమీ తెలియదు, వెతికేవాళ్లకు ఏమీ దొరకదు. 'దుఃఖం'లో విసర్గ బదులు ఇంగ్లీషు కోలన్ పెట్టినా అంతే. ఆ మాటను నిఘంటువు గుర్తుపట్టదు, అనువాద యంత్రం రెండు ముక్కలుగా చదువుతుంది.

కనిపించని ఆ విడదీత గుర్తు ఎంత పని చేయగలదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. 'జ్ఞా' అన్న తెలుగు అక్షరం ఉన్న మెసేజి వస్తే చాలు, ఐఫోన్లలో ఆ యాప్ కుప్పకూలిపోయేది. మామూలు 'జ్ఞా'లో నాలుగు అంకెలుంటాయి: జ, పొల్లు, ఞ, దీర్ఘం. ఆ సందేశాల్లో తిరిగిన దానిలో ఞకూ దీర్ఘానికీ మధ్య విడదీత గుర్తు ఇరుక్కుని ఉంది. ఆ వరసను ఎలా గీయాలో తెలియక సాఫ్ట్‌వేరు కూలబడింది. ఆపిల్ కంపెనీ అదే నెల 19న మరమ్మతు చేసిన కూర్పు విడుదల చేసింది. తప్పు తెలుగులో లేదు. ఆకారాన్ని గీసే సాఫ్ట్‌వేరులో ఉంది.

పైకి తెలుగు, లోపల ఇంగ్లీషు

సావనీర్‌లో ఊరి పేరు దొరక్కపోవడానికి రెండో కారణం చాలా పాతది. యూనికోడ్ అందరి కంప్యూటర్లలోకీ రాకముందే తెలుగు డీటీపీ వచ్చింది. అప్పటి ఫాంటులో ఉన్నవి 256 గళ్లు. తెలుగు ఆకారాలు వేలు. అందుకని అక్షరాలను ముక్కలు చేశారు. తలకట్టు ఒక గడిలో, గుడి ఒక గడిలో, ఒత్తులు ఇంకొన్ని గళ్లలో. ఆ గళ్లన్నీ అప్పటికే ఇంగ్లీషు, ఫ్రెంచి అక్షరాల పేర నమోదై ఉన్నవే. అంటే యంత్రం డాలరు గుర్తనో, నెత్తిన గీత ఉన్న ఫ్రెంచి అక్షరమనో అనుకుంటున్న చోట ఫాంటు మాత్రం తెలుగు ముక్క గీస్తుంది. అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో దశాబ్దాల పాటు తెలుగు పత్రికలు, పుస్తకాలు, శుభలేఖలు అచ్చయింది ఈ ఉపాయంతోనే. అచ్చు వేయడమే లక్ష్యమైనప్పుడు అది గొప్ప ఉపాయం. కాగితానికి అంకెలతో పనిలేదు.

ఆ ఫైలే కాగితం దాటి ఇంటర్నెట్‌కు వచ్చినప్పుడు అసలు రంగు బయటపడుతుంది. కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే డాలర్లు, పౌండ్లు, వింత ఫ్రెంచి అక్షరాలు వరస కడతాయి. అక్షరాలు పాడవలేదు. లోపల మొదటినుంచీ ఉన్నవి అవే. ఒక్కో ఫాంటు కంపెనీ ముక్కలను ఒక్కో గడిలో పెట్టడంతో ఒకరి ఫైలు ఇంకొకరి కంప్యూటర్లో తెరుచుకోదు. చాలాకాలం డీటీపీకి రాజులా ఉన్న పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు తెలియదు. అందుకే ఆ అలవాటు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో తెలుగు గ్రంథాలు పీడీఎఫ్‌లుగా ఉన్నా, లోపల వెతకబోతే ఒక్క మాటా దొరకని సందర్భాలు ఇందువల్లే. నాలుగైదేళ్ల పరిశోధన ఇంటర్నెట్‌లో ఉండీ లేనట్టే.

దీనికి మందు ఉంది. ఏ ముక్క ఏ గడిలో ఉందో తెలిస్తే దాన్ని యూనికోడ్ అంకెగా మార్చే సాఫ్ట్‌వేరు రాయొచ్చు. ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు 'పద్మ' అనే జోడింపు ఆ పనే చేసి, పత్రికల వెబ్‌సైట్లను యూనికోడ్‌లో చూపేది. ఇప్పుడూ అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మార్చాక ఒకసారి చదివి దిద్దుకోవాలి, అంతే.

ఫొటోలో ఉన్న అక్షరాలు

మూడో కారణం మరీ మొండిది. ఆ పీడీఎఫ్‌లో అక్షరాలే లేవు. అచ్చయిన పుస్తకాన్ని ఫోన్‌తో ఫొటోలు తీసి పీడీఎఫ్ చేశారు. యంత్రం దగ్గరున్నవి నల్లటి, తెల్లటి చుక్కలు. అది ఊరి పేరో, గోడ మీది మరకో దానికి తెలియదు.

చుక్కల్లోంచి అక్షరాలను పోల్చుకునే విద్యకు ఓసీఆర్ అని పేరు. పని మెట్లుమెట్లుగా సాగుతుంది. ముందు పేజీని నలుపు తెలుపులుగా మారుస్తుంది. వంకరగా ఉంటే నిలబెడుతుంది. వరసలు విడదీస్తుంది, వరసల్లోంచి మాటలు, మాటల్లోంచి ఒకదానికొకటి అంటుకున్న నల్ల ముక్కలు ఏరుతుంది. ఒక్కో ముక్క దేన్ని పోలి ఉందో చూసి అంచనా వేస్తుంది. చివరికి ఆ భాషలో ఏ మాట ఉండే అవకాశం ఎక్కువో చూసుకుని సర్దుతుంది.

ఇంగ్లీషుకు ఇది ఎప్పుడో కుదిరింది. తెలుగు కష్టపెట్టింది. మన ఒత్తు అక్షరం కింద విడిగా వేలాడుతుంది, అది పై వరసదో కింది వరసదో తేల్చుకోవాలి. 'ప'కూ 'ష'కూ, 'ధ'కూ 'థ'కూ మధ్య తేడా ఒక చిన్న గీతలోనో చుక్కలోనో ఉంటుంది. పాత పుస్తకాల్లో అరసున్నలు, బండి 'ఱ'లు అదనం. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001లోనే తెలుగు ఓసీఆర్ మీద అంతర్జాతీయ సదస్సులో పత్రం సమర్పించారు. ఇవాళ గూగుల్ డాక్స్, ఉచితంగా దొరికే టెసరాక్ట్ వంటివి బాగున్న అచ్చు పేజీని చాలావరకు చదివేస్తాయి. అయినా తప్పులు మిగులుతాయి. సున్న బదులు అంకెల సున్న పెట్టడం వాటికీ ఉన్న అలవాటే. తెలుగు వికీసోర్స్‌లో ఔత్సాహికులు పేజీ పక్కన పేజీ పెట్టుకుని దిద్దుతున్నది ఈ తప్పులనే.

> మీ ఫైల్లో ఏముంది? అర నిమిషంలో తేల్చుకోండి
>
> మాట మీద వేలు నొక్కిపెట్టి (కంప్యూటరైతే మౌస్‌తో లాగి) ఎంచుకోవడానికి ప్రయత్నించండి.
>
> *ఎంచుకోనివ్వకపోతే* అది ఫొటో. ఓసీఆర్ చేయాలి. జూమ్ చేసినప్పుడు అక్షరాల అంచులు మసకబారడం ఇంకో ఆనవాలు.
>
> *కాపీ చేసి వేరేచోట అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తే* పాత ఫాంటు. యూనికోడ్‌కు మార్చాలి.
>
> *తెలుగులోనే అతికినా వెతికితే దొరక్కపోతే* కనిపించని గుర్తో, స్పేసో, సున్నో తేడా. ఆ ఫైల్లోని మాటనే కాపీ చేసి వెతుకు పెట్టెలో వేయండి, దొరుకుతుంది.
>
> *అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తే* కంగారొద్దు. అంకెలు సరిగ్గానే ఉన్నాయి, వాటిని గీసే ఫాంటే మీ దగ్గర లేదు. యూనికోడ్ ఫాంటు వేసుకుంటే చాలు.

పుస్తకం ఉన్నా కేటలాగు పలకదు

ఇంతవరకూ ఫైలు లోపలి సంగతి. అసలు ఆ ఫైలే దొరక్కపోతే?

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రవేత్త, ట్యూరింగ్ పురస్కారం అందుకున్న మన చిత్తూరు జిల్లా బిడ్డ రాజ్ రెడ్డి చొరవతో ఈ శతాబ్దం మొదట్లో పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసే పథకం మొదలైంది. దాని భారతీయ శాఖే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. వేలాది తెలుగు పుస్తకాలు అలా దుమ్ములోంచి బయటపడ్డాయి. ఆ వెబ్‌సైటు తర్వాత మూతపడినా, లక్షలాది ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రంగా ఉన్నాయి.

ఆ పుస్తకాల పేర్లు మాత్రం స్కానింగ్ కేంద్రాల్లో ఇంగ్లీషు లిపిలో, ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. 'కన్యాశుల్కం' తీసుకోండి. 'న్యా'కు ఒక 'ఏ' పెట్టొచ్చు, రెండు పెట్టొచ్చు. 'శు'లో 'హెచ్' ఉండొచ్చు, లేకపోవచ్చు. చివర 'కం' కావచ్చు, 'కము' కావచ్చు. మూడు చోట్ల రెండేసి దారులుంటే మొత్తం ఎనిమిది వర్ణక్రమాలు. స్పేసులు, అచ్చుతప్పులు కలిపితే లెక్క తేలదు. పుస్తకం ఉంటుంది, అడిగిన పేరుతో పలకదు.

జాతీయ డిజిటల్ గ్రంథాలయం వంటివి ప్రధానంగా నడిచేది ఈ వివరాల మీదే. ఎక్కడో ఒక సంస్థ సర్వరులో ఉన్న పుస్తకం పేరు, రచయిత, భాష, సంవత్సరం, విషయం, చిరునామా సేకరించి, వాటితో పెద్ద సూచిక తయారుచేసుకుంటుంది. మీరు వెతికినప్పుడు అది పుస్తకాలు తిరగేయదు, సూచికను చూస్తుంది. వివరాల్లో లేనిది ఎంత గొప్ప గ్రంథాలయమైనా చూపించలేదు. కాబట్టి అక్కడ వెతికేటప్పుడు ఒక్క మాటతో ఊరుకోకూడదు. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు లిపిలో రెండు మూడు రకాలుగా, రచయిత పేరుతో ఇంకోసారి వెతకాలి. పక్కనున్న జల్లెళ్లలో భాష 'తెలుగు' అని ఎంచుకుంటే కుప్ప సగానికి సగం తగ్గుతుంది.

మన ఫైళ్లకు మనమే కేటలాగర్లం కూడా. 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఫైనల్ అసలుది' అని పేర్లు పెట్టుకుంటూ పోతే మూడు నెలల తర్వాత మనకే తెలియదు. సంవత్సరం, నెల, తేదీ ఆ వరసలోనే ముందు పెట్టి, తర్వాత విషయం రాసుకుంటే ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి.

ఆఫీసు షీటులోనూ అదే జబ్బు

ఎక్సెల్ తెరవండి. ఒక గడిలో 007 అని రోల్ నంబరు కొట్టండి. 7 మిగులుతుంది. 3-4 అని కొట్టండి, తేదీ అయి కూర్చుంటుంది. ఎక్సెల్ మీరు కొట్టినదాన్ని ఉన్నదున్నట్టు దాచుకోకుండా, అది ఏ రకం సమాచారమో తానే ఊహించి మార్చేసుకుంది. ముందే ఆ వరుసను 'టెక్స్ట్' అని ఎంచుకుంటే ఈ గోల ఉండదు.

శాస్త్రవేత్తలూ దీని బారిన పడ్డారు. మార్చ్1, సెప్ట్1 అని పేర్లున్న మానవ జన్యువులు ఎక్సెల్‌లో పడగానే మార్చి ఒకటి, సెప్టెంబరు ఒకటి అయిపోయేవి. ఎక్సెల్ జన్యు జాబితాలు జతచేసిన పరిశోధన పత్రాల్లో సుమారు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. ఎక్సెల్ ఎంతకూ మారకపోవడంతో 2020 నాటికి ఆ జన్యువుల పేర్లే మార్చేశారు.

విద్యార్థుల పేర్ల కథ మనకు ఇంకా దగ్గరిది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పదో తరగతి మెమోలో పొడి అక్షరం, డిగ్రీ రికార్డులో చివర. శ్రీనివాసరావు ఒకచోట ఒకే మాట, ఇంకోచోట రెండు. ఖరగ్‌పూర్ వంటి ఊళ్లో ఆ పేరు బెంగాలీ పలుకుబడిలోంచి ఇంగ్లీషుకు వెళ్తే వర్ణక్రమం మరో మెలిక తిరుగుతుంది. మనిషి చూస్తే ఒక్కడే. డిజీలాకర్, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వంటి వ్యవస్థలకు మాత్రం కనిపించేది అక్షరాల వరస. గుమస్తా మంచివాడా కాదా అన్నది అక్కడ పనిచేయదు. చేరిన రోజునే పిల్లవాణ్ని ఆధార్ చూసి అక్షరం అక్షరం సరిపోల్చుకోమనడం చివర్లో నెలల తిరుగుడు తప్పిస్తుంది.

మోసగాళ్ల పెట్టుబడీ ఇదే

కనిపించేదానికీ ఉన్నదానికీ తేడా అందరికన్నా ముందు కనిపెట్టింది మోసగాళ్లు. ఇంగ్లీషు 'ఏ' అక్షరం అంకె 97. అచ్చం అలాగే ఉండే రష్యన్ అక్షరం అంకె 1072. చూడటానికి ఒకటే, యంత్రానికి వేర్వేరు. 2017లో ఒక భద్రతా పరిశోధకుడు రష్యన్ లిపి అక్షరాలతోనే ఆపిల్ పేరు గల వెబ్ చిరునామా తయారుచేసి, కొన్ని బ్రౌజర్లు దాన్ని అసలుదానిలాగే చూపిస్తున్నాయని నిరూపించాడు. ఆ తర్వాత బ్రౌజర్లు జాగ్రత్త పడ్డాయి.

ఇంత కష్టపడకుండానే పని జరిగే దారులు ఇంకా ఉన్నాయి. ఈమెయిల్లో నీలంగా కనిపించే 'స్కాలర్‌షిప్ పోర్టల్' అన్న మాట ఒకటి, దాని వెనక దాచిన చిరునామా ఇంకొకటి. కంప్యూటర్లో మౌస్‌ను దాని మీద ఆపితే, ఫోన్లో నొక్కిపెడితే వెనక ఉన్నది బయటపడుతుంది. చిరునామా మొదట్లోని జంట వాలు గీతలను వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి వాలు గీతకు ముందున్న భాగాన్ని కుడి నుంచి ఎడమకు చదవండి. అసలు యజమాని పేరు చివరనే ఉంటుంది. అలాగే విండోస్ సాధారణంగా ఫైలు పేరు చివరి తోకను చూపించదు. 'మార్కుల జాబితా పీడీఎఫ్' అని కనిపించేది నిజానికి నడిచే ప్రోగ్రాము కావచ్చు. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ పేరుతో వచ్చే ఏపీకే అనే యాప్ ఫైలూ ఆ కోవలోనిదే. శుభలేఖకు యాప్ అక్కర్లేదు. ఒకవేళ డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

నేర్పాల్సింది బటన్లు కావు

మన విశ్వవిద్యాలయాల్లో కంప్యూటర్ శిక్షణ అంటే ఎక్కువగా ఏ మెనూలో ఏముందో చూపించడం. మరుసటి ఏడాది కొత్త కూర్పు వస్తుంది, మెనూ మారుతుంది, నేర్చుకున్నది పోతుంది. దాని బదులు ఒక అలవాటు నేర్పితే అది పాతబడదు: 'నాకు ఇది కనిపిస్తోంది సరే, యంత్రం దగ్గర ఏముంది?' అని అడగడం. దానికి పెద్ద పాఠ్యప్రణాళికా అక్కర్లేదు. గ్రంథాలయ సిబ్బంది ఒక మధ్యాహ్నం పూట నలుగురిని కూర్చోబెట్టి, వాళ్లవాళ్ల ఫైళ్ల మీదే పైన చెప్పిన పరీక్షలు చేయిస్తే సగం పని అయినట్టే. జాతీయ డిజిటల్ గ్రంథాలయం విద్యాసంస్థల్లో నడిపే క్లబ్బులు ఇలాంటి శిక్షణకు తయారుగా ఉన్న వేదికలు.

చూపులేని విద్యార్థికి ఇది సౌకర్యం దగ్గర ఆగే విషయం కాదు. ఎన్‌వీడీఏ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు తెర మీది తెలుగును గొంతుతో చదివి వినిపిస్తుంది. అది చదివేది అంకెలను. ఫొటో పీడీఎఫ్ ఇస్తే మౌనంగా ఉంటుంది, పాత ఫాంటు ఇస్తే అర్థంలేని ఇంగ్లీషు వల్లిస్తుంది. నోట్సు యూనికోడ్‌లో ఇచ్చిన అధ్యాపకుడు ఆ విద్యార్థికి తలుపు తీసినట్టు, ఇవ్వనివాడు తెలియకుండానే మూసినట్టు.

తెలుగు చదవడం సరిగ్గా రాని ఖరగ్‌పూర్ కుర్రవాడికీ ఇదే వర్తిస్తుంది. పాఠం యూనికోడ్‌లో ఉంటే ఫోను చదివి వినిపిస్తుంది, బెంగాలీలోకీ ఇంగ్లీషులోకీ మార్చి చూపిస్తుంది. తెలుగులో మాట్లాడితే టైపు చేసి పెడుతుంది. కేంద్రం 2022లో మొదలుపెట్టిన భాషిణి వంటి అనువాద వేదికలు, కృత్రిమ మేధ నమూనాలు తెలుగు నేర్చుకునేదీ ఇలా సరైన అంకెల్లో దొరికే రాతల్లోంచే. ఫొటోల్లోనూ పాత ఫాంట్లలోనూ ఇరుక్కున్న రాతలు వాటికి అందవు. అధికార భాష హోదా వచ్చాక ఆఫీసుల్లో తెలుగు దరఖాస్తులు తయారు కావాలి. వాటిని ఏ ఫాంటులో చేస్తారన్నది చిన్న విషయంగా కనిపించొచ్చు. అచ్చులో బాగుండే ఫారం ఒకటి, నింపడానికీ వెతకడానికీ పనికొచ్చే ఫారం ఒకటి. రెండోది చేయడానికి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు లేదు.

అందుకే ఇకమీదట సంఘం సావనీర్ వేసేవాళ్లూ, సిద్ధాంత గ్రంథం సమర్పించేవాళ్లూ, నోటీసు తయారుచేసే ఆఫీసు వాళ్లూ డీటీపీ ఆపరేటరును ఒక్క మాట అడగాలి: 'అచ్చు ఫైలుతో పాటు యూనికోడ్ ఫైలు కూడా ఇవ్వండి.' బిల్లు కట్టేముందే అడగాలి.